పన్నెండు మూరల ఎర్ర గుడ్డ

మార్చి 4

వదినా,

క్షేమంగా చేరాను. ఒళ్లు బాగుంది, మనసు ఇంకా బాగుంది. వంట సంగతి మాత్రం నువ్వు అడగకు, నేను చెప్పను. ఫోను ఉండగా ఈ కాగితాలెందుకని అన్నయ్య సణుగుతాడని తెలుసు. మనం ఫోనులో మాట్లాడుకుంటుంటే "ఏమంటోంది, ఏమంటోంది" అని నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది ఆయనే కాబట్టి, ఇకమీదట ఉత్తరాలే.

గది మూడో అంతస్తులో. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, దాని మీద ఒక నీళ్ల గొట్టం. నలభై ఒకటో ఏట మళ్లీ విద్యార్థినిని అయ్యాను కదా, క్లాసులో మిగతా తొమ్మిదిమందీ నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడువాళ్లే. మొదటి రోజు నేను లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. నేనూ అలవాటు కొద్దీ "కూర్చోండి" అన్నాను. అంతలో వెనకాలే అసలు ప్రొఫెసరు వచ్చాడు.

ఆయన మెడలో ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతుంటుంది. అదే పేరు పెట్టేశాను. మంచివాడే గానీ మెచ్చుకోవడం చేతకాదు. పద్దెనిమిదేళ్లు బడిలో మధ్యయుగాల యూరప్‌ని "చీకటి యుగం" అని ఒక్క పేరాలో తేల్చేసిన పంతులమ్మనని చెబితే, "అయితే ఆ పాపం ఇక్కడ కడుక్కోండి" అన్నాడు. జూన్ పన్నెండో తేదీన ముగ్గురు పరీక్షకుల ముందు నా పరిశోధనలో మొదటి అధ్యాయం నిలబడాలి. నిలబడితే సీటు ఉంటుంది. లేదంటే సెలవు రద్దు చేసుకుని మళ్లీ ఎనిమిదో తరగతి పిల్లల దగ్గరికే. ఈ చదువు కోసం ఎన్నేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశానో నీకు తెలుసు.

అధ్యాయానికి మంచి సరుకు దొరికింది. ఆరువందల ఏళ్ల కిందట, యూరప్‌లో నది ఒడ్డున, ఉన్నిబట్టలకు పేరుపడ్డ ఒక ఊరు. అక్కడి పాత కాగితాలు ఎప్పుడో ఒక దొర తెచ్చి ఈ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడట. వాటిలోని కోర్టు కాగితాల్లో ఒక దొంగతనం కేసు. ముద్దాయి ఎవరనుకున్నావు? ఒక దర్జీ! భర్త పోయాక అతని కత్తెర తాను పట్టుకున్న ఆడమనిషి. ఒక వర్తకుడు తన భార్యకి గౌను కుట్టమని పన్నెండు మూరల ఎర్ర ఉన్నిగుడ్డ ఇచ్చాడు. గౌను చేతికొచ్చాక ఆయనకి అనుమానం పుట్టింది. కోర్టువాళ్లు దాని కుట్లన్నీ విప్పించి, ముక్కల్నీ మిగిలిన పేలికల్నీ బల్ల మీద పరిచి కొలిపించారు. పదిన్నర మూరలే తేలింది. పైగా ఆవిడ ఒకరోజు పొద్దున్నే గుడ్డ మూట చంకన పెట్టుకుని నది వైపు వెళ్లడం చూశానని ఒక పడవవాడు సాక్ష్యం చెప్పాడు. తీర్పు ఉన్న పేజీ ఎక్కడో పోయింది. అయినా తీర్పెందుకు, సంగతి తెలుస్తూనే ఉందిగా! మూరన్నర గుడ్డ నది దాటించి అమ్మేసింది. అధ్యాయానికి "దొంగ దర్జీ" అని పేరు పెట్టాను. మీ వృత్తివాళ్ల గుట్టు ఇన్నేళ్లకి నీ ఇంటి మనిషే రట్టు చేస్తోంది. కోపగించుకోకు.

నీ ఆడపడుచు


మార్చి 19

మహా పండితురాలైన మా ఆడపడుచు గారికి,

రెండు మిషన్ల దుకాణం నుంచి మీ వదిన రాయునది. నువ్వు రాజుల గురించి చదువుతున్నావని మీ అన్నయ్య బస్సు డిపోలో అందరికీ చెప్పుకుని తిరిగారు. రాజులు కాదండీ, దర్జీ గురించి అని నేను చెబితే మొహం చిన్నబుచ్చుకుని, "ఏం, రాజులు ఖాళీ లేరా?" అన్నారు.

నాకు కోపమా? నాకెందుకు కోపం? నీ ఉత్తరం చదివాక ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను, అంతే. దానికి తోడు నిన్న టేపావిడ వచ్చింది. తెలుసుగా, గుడ్డ ఇచ్చేముందు సొంత టేపుతో నా కళ్ల ముందే కొలిచి, ఆ లెక్క నాచేత పైకి చదివించే మనిషి. ఇరవై ఏళ్లుగా వస్తోంది. ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను.

ఒక సంగతి అడుగుతాను. మూరన్నర ముక్క దొంగిలించదలచిన మనిషి మొత్తం మూట నది దాకా ఎందుకు మోసుకెళ్తుంది? ముక్క కోసి, మడిచి, కూరల బుట్టలో అడుగున పెట్టుకుంటే సరిపోదా? వెళ్లేటప్పుడు మూట చంకన ఉందన్నావు. మరి వచ్చేటప్పుడో? ఆ పడవవాడు అదీ చూసే ఉంటాడు. ఒడ్డున కూర్చున్న మనిషికి వచ్చేపోయేవాళ్లని చూడటం తప్ప పనేముంటుంది? కనుక్కుని రాయి. నీకు చరిత్ర తెలుసు, నాకు గుడ్డ తెలుసు.

అధ్యాయం పేరు మార్చమని నేను అనను. మారిస్తే మాత్రం వద్దనను.

వదిన


ఏప్రిల్ 3

వదినా,

నువ్వు లాయరువి కావలసిన మనిషివి. పడవవాడి సాక్ష్యం మళ్లీ తీయించాను. ఈ రికార్డుల గది చూసే పెద్దావిడని మేమంతా తాళాలమ్మ అంటాం. నడుముకి తాళాలగుత్తి, నోటికి ఇంకో తాళం. కాగితం నా ముందు పెట్టి, నా చేతిలో పెన్ను లాక్కుని పెన్సిలు ఇచ్చి వెళ్లిపోయింది. ఆ లాటిన్ రాత కూడబలుక్కుని చదవడానికి రెండు పూటలు పట్టింది. చివరికి దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ మూటని వీపున వేసుకుని, "బరువుకి వంగిపోయి" వచ్చిందట!

చూశావా? గుడ్డ అక్కడ ఇచ్చేసి, బదులుగా ఏదో బరువైన దొంగసరుకు తెచ్చుకుంది. నీ పుణ్యమా అని నా వాదం ఇంకా గట్టిపడింది. పన్ను ఎగ్గొట్టి తెచ్చిన ఉప్పు అయి ఉంటుందని రెండు పేజీలు రాసేశాను కూడా. భూతద్దం అవి చదివి, "ఇందులో ఉప్పు మీకెక్కడ కనిపించింది?" అన్నాడు. అదొక్కటే తేలాలి.

అయినా వదినా, దర్జీ అన్నాక ఓ ముక్క దాచకుండా ఉంటుందా? నా నీలం గౌను మర్చిపోయావా? నేను కాలేజీలో చేరేటప్పుడు నాన్న తెచ్చిన గుడ్డ, కుట్టాక కొలిస్తే జానెడు తక్కువొచ్చింది! ఇప్పటికైనా ఒప్పేసుకో, ఆ జానెడుతో ఏం కుట్టుకున్నావు?

ఉప్పు వేటలో ఉన్న
నీ ఆడపడుచు


ఏప్రిల్ 29

వదినా,

నాలుగు వారాలు నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. మొన్న పార్సిల్ వచ్చిందంటే పరిగెత్తుకుంటూ వెళ్లాను. విప్పి చూస్తే ఒక ఎర్ర గౌను. పదేళ్ల పిల్లకి సరిపోయేది! లోపల చీటీ కూడా లేదు. చెయ్యి దూర్చి చూస్తే మోచేతి దగ్గరే ఆగిపోయింది.

నాకు అర్థమైంది. ఈ వయసులో నాకు చదువేమిటి, చిన్నపిల్లల ఆటలు, అనే కదా? ఊళ్లో అందరూ అన్నారు. నువ్వొక్కదానివే అనలేదు. బస్సెక్కించేటప్పుడు "వెళ్లి చదువుకుని రా" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇక్కడ నెట్టుకొస్తున్నాను. నువ్వు కూడా ఇలా వెక్కిరిస్తే ఎలా?

అధ్యాయం ముందుకు సాగడం లేదు. ఉప్పు ఎక్కడా దొరకలేదు. ఇంకా ఆరు వారాలే ఉంది. నాకు చాలా బాధగా ఉంది, దాచుకోవడం నాకు రాదు.

ఆడపడుచు


మే 7

ఓసి పిచ్చిదానా,

పార్సిల్‌తో పాటు పోస్టు చేయమని ఇచ్చిన ఉత్తరం నిన్న మీ అన్నయ్య కోటు జేబులో దొరికింది. కోటు ఉతకడానికి తీస్తే బయటపడింది. "పార్సిల్ వేశాను కదా!" అని నా మీదే ఒంటికాలి మీద లేచారు. ఆ ఉత్తరం ఇప్పుడు నలిగి ఉండలా ఉంది కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

అది చిన్నపిల్ల గౌను కాదు. నీ కొలతలకే కుట్టాను. నా పుస్తకంలో నీ కొలతలు ఎప్పుడూ ఉంటాయి.

"బరువుకి వంగిపోయి" అన్న ముక్క చదవగానే నాకు తెలిసిపోయింది. తడిసిన ఉన్నిగుడ్డ ఎప్పుడైనా ఎత్తావా? నేను ఎత్తాను. ఆవిడ ఆ గుడ్డని నదిలో తడపడానికి తీసుకెళ్లింది! పని తెలిసిన దర్జీ ఎవరూ కొత్త గుడ్డని తడిపి ఆరేయకుండా కత్తెర పెట్టరు. పెడితే, మొదటి వానకే గౌను బిగుసుకుపోతుంది, వేసుకున్నావిడ ఊపిరాడక చస్తుంది. తడిపితే గుడ్డ కుంచించుకుపోతుంది. మూరన్నర గుడ్డని ఆవిడ అమ్మలేదు, దాచలేదు. నీళ్లు తినేశాయి.

ఊరికే అంటే నమ్మవని, దుకాణాల్లో గుడ్డ ముందే తడిపి అమ్ముతారు కాబట్టి, నేరుగా మగ్గం దగ్గరికే వెళ్లి అప్పుడే దించిన ఉన్నిగుడ్డ తెచ్చాను. ఎరుపే దొరికింది, నా అదృష్టం. తడపకుండా నీ కొలతకి గౌను కుట్టి, ఆ తర్వాత నీళ్లలో వేశాను. ఉత్సాహం పట్టలేక వేడినీళ్లు పోశాను, అందుకే మరీ పదేళ్ల పిల్లదైంది. సరే, నదిలో వేడినీళ్లు ఉండవు కదా అని, మళ్లీ పన్నెండు జానల ముక్క ఒకటి కోసి చల్లనీళ్లలో నానబెట్టి ఆరేశాను. ఎంతకొచ్చిందో తెలుసా? పదిన్నర. సరిగ్గా పదిన్నర జానలు. మూడుసార్లు కొలిచాను. మీ అన్నయ్యచేత కూడా కొలిపించాను.

ఇప్పుడు నీ నీలం గౌను. నువ్వు నవ్వుకోవడానికి రాశావు, నాకు నవ్వు రాలేదు. అప్పుడు నేను ఈ ఇంటికి వచ్చి నాలుగు నెలలు. ఆ గుడ్డని కూడా తడిపే కుట్టాను. నువ్వు అందరి ముందూ టేపు తెచ్చి కొలిచి, "వదిన జానెడు నొక్కేసింది" అన్నావు. అందరూ నవ్వారు. మీ నాన్న మాత్రం నవ్వలేదు, నన్నే చూశారు. కొత్త కోడల్ని, ఏం చెప్పాలో తెలియక వంటగదిలోకి వెళ్లిపోయాను. ఆ రోజు చాలా ఏడ్చాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ నది దగ్గరి ఆవిడ కోసం ఇప్పుడు చెబుతున్నాను.

దొంగను కాని
నీ వదిన


మే 16

వదినా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది. తప్పు నాది. అప్పుడు పద్దెనిమిదేళ్లదాన్ని అని తప్పించుకోను, ఎందుకంటే నలభై ఒకటో ఏట కూడా అదే తప్పు చేశాను. టేపు పట్టుకుని కొలిచి, ఒక మనిషిని దొంగ అనేశాను. నన్ను క్షమిస్తావా? దీనికి జవాబు రాయి, నవ్వుతో తేల్చేయకు.

ఇంకొకటి చెబితే నువ్వు నన్ను కొడతావు. కేసు కాగితంలో నేను అక్కర్లేదని దాటేసిన వాక్యం ఒకటుంది. గుమాస్తా రాశాడు: "ముద్దాయి నది గురించి చాలాసేపు మాట్లాడింది. కేసుకు సంబంధం లేనిది గనుక రాయలేదు." మొదట్లో చదివి, పాపం గుమాస్తా ఎంత విసిగిపోయాడో అనుకున్నాను. ఆవిడ చెప్పింది వదినా. చెబుతూనే ఉంది. వాళ్లూ వినలేదు, నేనూ వినలేదు.

నీ ఉత్తరం, గౌను పట్టుకుని భూతద్దం గదికి పరిగెత్తాను. ఆయన గౌను మీద అద్దం పెట్టి పోగు పోగూ చూశాడు. "ఈవిడ ఏ విశ్వవిద్యాలయం?" అని అడిగాడు. రెండు మిషన్ల దుకాణం అన్నాను. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదేనట, పిల్లలు చెప్పారు.

కానీ వెంటనే ముడి కూడా వేశాడు. "అది ఉన్నిబట్టల ఊరు. తడిపితే గుడ్డ తగ్గుతుందని ఆ ఊళ్లో కొలిచినవాళ్లకి తెలియదా? దీనికి జవాబు లేకుండా వెళ్తే పరీక్షకులు మిమ్మల్ని పిప్పి చేసి వదులుతారు" అన్నాడు. పాత అధ్యాయం ఉప్పుతో సహా చెత్తబుట్టలో వేసి కొత్తది మొదలుపెట్టాను. ఈ ప్రశ్న దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. ఏం చేయను?

ఆడపడుచు


మే 25

అమ్మడూ,

క్షమించానా అని అడిగావు. నిజం చెప్పాలంటే మూడేళ్ల దాకా క్షమించలేదు. నీ గౌన్లన్నిటికీ బొత్తాలు గట్టిగా కుట్టేదాన్ని, విప్పుకోలేక అవస్థ పడాలని. తర్వాత నీకు విషజ్వరం వచ్చి, పది రోజులు నా చెయ్యి పట్టుకుని పడుకున్నావు. అప్పుడు పోయింది. మొన్న మళ్లీ గుర్తొచ్చింది, నీ ఉత్తరం చదివాక మళ్లీ పోయింది. ఇక రాదు.

నీ ముడి సంగతి. కొలిచింది ఎవరు? దర్జీలేనా? నాకు నమ్మకం లేదు. దర్జీ అయితే మొదట "తడిపావా?" అని అడుగుతాడు. గుడ్డలు అమ్మేవాళ్లు అయి ఉంటారు. వాళ్లు చూసేది పొడిగుడ్డ, అమ్మేది పొడిగుడ్డ. తగ్గుతుందని తెలిసినా నోరు విప్పరు. విప్పితే కొనేవాడు "అయితే ఆ మూరన్నర కూడా కలిపి ఇవ్వు" అనడూ? మా వీధి చివర బట్టల కొట్టాయన్ని ఈ మాట అడిగాను. "మీకు టీ చెప్పమంటారా?" అన్నాడు. అంతకన్నా సాక్ష్యం నీకేం కావాలి?

వెళ్లి చూడు. పేర్ల పక్కన వాళ్లేం పని చేసేవాళ్లో రాసి ఉంటుంది కదా.

నీ పరీక్ష సంగతి సరే. ఆవిడ ఏమైంది? శిక్ష వేశారా? గుడ్డ మీద చెయ్యి వేసినప్పుడల్లా అదే ధ్యాస. కనుక్కో.

వదిన


జూన్ 21

వదినా,

పాసయ్యానని అన్నయ్యకి ఫోనులో చెప్పాను. మిగతాదంతా నీ కోసం దాచి ఉంచాను. ఇప్పుడు కూర్చుని చదువు.

కొలిచినవాళ్లు ముగ్గురు. ముగ్గురి పేర్ల పక్కనా ఒకటే మాట ఉంది: "గుడ్డల వర్తకుడు." ఆ మాట మూడుసార్లు చూసి రికార్డుల గదిలో గట్టిగా కేక పెట్టాను. తాళాలమ్మ వచ్చి నన్ను బయటికి పంపేస్తుందనుకున్నాను. ఆవిడ నా పక్కన కూర్చుని, "ఏమిటి సంగతి?" అంది. కథంతా చెప్పాను. మా ఇద్దరికీ అదే మొదటి సంభాషణ.

పరీక్ష రోజు ముగ్గురు పరీక్షకుల ముందూ నీ గౌను పరిచాను. వాళ్లలో ఒక లావుపాటాయన గుడ్డ అంత తగ్గుతుందంటే నమ్మలేదు. నా కొలత ఏమిటో చెప్పి, తొడుక్కుని చూడమన్నాను. తొడుక్కోబోయి మోచేతుల దగ్గరే ఇరుక్కుపోయాడు. భూతద్దం ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని లాగాం. గౌనుకి ఏమీ కాలేదు, నీ కుట్టు అలాంటిది. ఆ తర్వాత ఆయనే అడిగాడు, కొలిచినవాళ్లకి తెలియదా అని. నీ జవాబు నీ మాటల్లోనే చెప్పాను, టీ సంగతితో సహా. ముగ్గురూ నవ్వారు. "దీనికి ఆధారం?" అన్నారు. "మా వదిన. ముప్ఫై ఏళ్లుగా దర్జీ" అన్నాను. అలాగే రాయమన్నారు. అధ్యాయం అడుగున అలాగే రాసి ఉంది. సీటు నిలిచింది వదినా. అధ్యాయం పేరు కూడా మారింది: "నీళ్లు తిన్న గుడ్డ."

కానీ ఆవిడ ఏమైందో చెప్పలేకపోయాను. తీర్పు పేజీ నిజంగానే లేదు. శిక్ష పడిందో, ఊరు విడిచిందో తెలియదని రాసి ఊరుకున్నాను. నిన్న తాళాలమ్మ నా బల్ల మీద ఇంకో కట్ట తెచ్చి పెట్టింది. కోర్టువి కావు, అవి వీలునామాలు. కేసుకి పదకొండేళ్ల తర్వాతివి. నాకోసం వారం రోజులు సొంతంగా వెతికిందట.

ఆ వర్తకుడి భార్య చనిపోతూ రాయించిన వీలునామా అది. మంచం ఒక కూతురికి, ఇత్తడి గిన్నెలు ఇంకో కూతురికి. ఆ తర్వాత ఒక వరుస. నేను దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడుతున్నాను:

"నా ఎర్ర గౌను, దాన్ని రెండుసార్లు కుట్టిన దర్జీకి."

నీ ఆడపడుచు


జూన్ 30

అమ్మడూ,

నీ ఉత్తరం దుకాణంలో నిలబడే చదివాను. ఆ చివరి వరుస దగ్గర కూర్చోవలసి వచ్చింది. కోటు కోసం వచ్చి కూర్చున్న పెద్దాయన కంగారుపడి, "ఏమ్మా, చెడ్డ కబురా?" అని అడిగాడు. కాదండీ, మావాళ్లు కేసు గెలిచారు అన్నాను. "ఎన్నాళ్లు నడిచింది?" అన్నాడు. ఆరువందల ఏళ్లు అన్నాను. కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి కాబోలు, పెద్దగా ఆశ్చర్యపోలేదు.

విప్పిన గుడ్డని మళ్లీ కుట్టడం ఎంత కష్టమో నీకు తెలియదు. పాత సూది బెజ్జాలు కనిపించకుండా, అంచులు పోగులూడకుండా కుట్టాలి. తనని దొంగని చేసిన గుడ్డని ఒళ్లో పెట్టుకుని, ఆవిడ మళ్లీ మొదటి కుట్టు నుంచీ కుట్టింది. ఆ ఇల్లాలు అది గమనించింది, పదకొండేళ్లు మర్చిపోలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది, అది వేరే సంగతి. మీ అన్నయ్య డిపోలో ఇప్పుడు రాజుల మాటే ఎత్తడం లేదు, దర్జీ గురించే చెబుతున్నారు.

వచ్చే నెల పదిహేనున దుకాణం నాలుగు రోజులు మూసేసి మేమిద్దరం వస్తున్నాం. ఊరు చూపించాలని ప్రణాళికలు వేయకు. నన్ను నేరుగా ఆ గదికి తీసుకెళ్లు. నాకు ఆ లాటిన్ రాదు. ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించు, చాలు.

నీ వదిన,
దర్జీ